కిలికికి ఉన్న వ్యాకరణం మన ఇంటి మాటకు లేదా?

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు, మా పాత గది, అందులో వరసగా పరుచుకున్న చాపలు, ట్రంకు పెట్టెలు గుర్తొచ్చాయి. ఆ గదిలో మేము మాట్లాడుకున్న ఒక భాష కూడా గుర్తొచ్చింది. అది ‘క’ భాష. మీకూ తెలిసే ఉంటుంది. ప్రతి అక్షరం ముందు ‘క’ చేర్చి మాట్లాడడమే. “నువ్వు అన్నం తిన్నావా” అనడానికి “కనుకవ్వు కఅకన్నం కతికన్నాకవా” అనేవాళ్ళం. పెద్దలకు తెలియని గొప్ప రహస్య భాష కనిపెట్టామని మురిసిపోయేవాళ్ళం. నాలుగు రోజులు గడిచాయో లేదో, ఒక రాత్రి వార్డెన్ గారు తలుపు దగ్గర నిలబడి “కపకడుకకోంకడికరా!” అన్నారు. ఆయనా చిన్నప్పుడు ఏదో హాస్టల్‌లో చదువుకున్నవారే మరి!

మేము కనిపెట్టింది కొత్త భాష కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ‘క’లు తీసేస్తే లోపల ఉన్నది మన తెలుగే. అవే మాటలు, అదే వరస, అవే విభక్తులు. తెలుగుకు ముసుగు వేశామంతే. అయితే నిజంగానే కొత్త మాటలు పుట్టించి, వాటికి సూత్రాలు రాసి, ఒక భాషను మొదటి నుంచి కట్టినవాళ్ళు ప్రపంచంలో ఉన్నారు. వాళ్ళు చేసిన పని గురించి, దాని నుంచి మన హాస్టల్ పిల్లలు నేర్చుకోవలసిన ఒక సంగతి గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

కాలకేయులకు కట్టిన భాష

2015 జూలై 10న ‘బాహుబలి’ మొదటి భాగం విడుదలైంది. అందులో కాలకేయుల నాయకుడు మాట్లాడే కిలికి భాషను అనుకరించని పిల్లవాడు ఆ ఏడాది ఆంధ్ర దేశంలో లేడంటే అతిశయోక్తి కాదు. అది నోటికొచ్చిన అరుపులని చాలామంది అనుకున్నారు. కాదు. తమిళ పాటల రచయిత మదన్ కార్కీ దాన్ని పని పెట్టుకుని తయారు చేశారు. సినిమా కోసం సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు కూర్చారు.

దీని మూలం ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆయన ఆస్ట్రేలియాలో పరిశోధన చేసే రోజుల్లో చిన్నపిల్లలను చూసుకునే పని కూడా చేశారు. ఆ పిల్లలతో కలిసి ఆటగా ఒక భాష కట్టారు. అందులో ‘నేను’ అంటే ‘మిన్’. మరి ‘నువ్వు’? అదే మాటను తిరగేస్తే ‘నిమ్’. నాకు ఎదురుగా నిలబడినవాడివి నువ్వు, కాబట్టి నా మాటను అద్దంలో చూసినట్టు తిప్పితే నీ మాట అయింది. ఒక్క సూత్రం తెలిస్తే రెండు మాటలు వచ్చేశాయి. ఆ ఆటే తర్వాత కిలికికి విత్తనమైంది.

మేము కూడా ఆ భాషను అనుకరించి నవ్వుకున్నవాళ్ళమే. కానీ తర్వాత ఒక ఆలోచన మమ్మల్ని వదల్లేదు. సినిమాలో కాలకేయులను ఎలా చూపారు? నల్లని ఒళ్ళు, జడలు కట్టిన జుట్టు, వినగానే భయపడేలా కరకు ధ్వనులు. చూసేవాళ్ళకు వాళ్ళు అడవి మనుషులు, అనాగరికులు. అలాంటి లేని మనుషులకు కూడా 40 సూత్రాల వ్యాకరణం కావలసి వచ్చింది. ఎందుకంటే సూత్రాలు లేకుండా కల్పిత భాష కూడా నిలబడదు. మరి నిజంగా ఉన్న మనుషుల సంగతేమిటి? మన పల్లెలో, మన పేటలో, మన తండాలో తరతరాలుగా మాట్లాడే మాటకు వ్యాకరణం లేదని, అది “తప్పు మాట” అని ఎలా అంటున్నారు?

సినిమా తీసినవారిని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. లేని భాషకు ఇచ్చిన గౌరవం ఉన్న భాషకు ఇమ్మంటున్నాం.

కొండపల్లి బొమ్మ, డాక్టరు గారి భాష

కట్టిన భాషల్లో అన్నిటికంటే పేరు పొందింది ఎస్పరాంతో. దాన్ని కట్టినవాడు జామెన్‌హాఫ్ అనే కంటి డాక్టరు. ఆయన 1859లో బియాలిస్టాక్ అనే ఊళ్ళో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది, అప్పట్లో రష్యా ఏలుబడిలో ఉండేది. రష్యన్లు, పోలులు, జర్మన్లు, యూదులు ఒకే ఊళ్ళో ఉంటూ ఒకరి మాట ఒకరికి పట్టక కొట్టుకుంటుంటే చిన్నప్పుడే చూసి బాధపడ్డాడు. ఎవరి సొంతమూ కాని, అందరికీ తేలికైన భాష ఒకటి ఉండాలనుకున్నాడు. 1887లో వార్సాలో చిన్న పుస్తకంగా దాన్ని అచ్చు వేయించాడు. అందులో ఉన్నవి 16 సూత్రాలు, సుమారు 900 మూల పదాలు.

ఇన్ని తక్కువ మాటలతో భాష ఎలా నడుస్తుంది? ఆ కిటుకు ఆయనకు స్కూలు రోజుల్లో దొరికింది. వీధిలో నడుస్తుంటే రెండు బోర్డులు కనిపించాయి. ఒకటి కాపలావాడి గది, ఇంకొకటి మిఠాయి కొట్టు. రెండు పేర్ల చివరా రష్యన్ భాషలో ఒకే తోక ఉంది. ‘ఈ తోక తెలిస్తే ఒక్కో చోటుకు ఒక్కో మాట బట్టీ పట్టక్కర్లేదు కదా’ అని అతనికి తట్టింది. మనమూ మైలవరం సెంటర్లో బోర్డులు చదువుతూనే ఉంటాం. పాఠశాల, వైద్యశాల, పశువైద్యశాల. చివర ‘శాల’ అన్న తోకను మనలో ఎంతమంది గమనించాం?

జామెన్‌హాఫ్ తన భాషలో ‘శాల’ లాంటి తోకగా ‘ఏయ్’ పెట్టాడు. దాని వెనక ‘ఓ’ వస్తే అది పేరు, అంటే నామవాచకం. లెర్ని అంటే నేర్చుకోవడం, లెర్నేయో అంటే బడి. కుయిరి అంటే వండడం, కుయిరేయో వంటగది. దోర్మి అంటే నిద్రపోవడం, దోర్మేయో పడకగది. మన హాస్టల్‌లో ఉన్నవన్నీ ఒక్క తోకతో వచ్చేశాయి! క్రియలూ అంతే. మి లెర్నాస్ అంటే నేర్చుకుంటున్నాను, మి లెర్నిస్ నేర్చుకున్నాను, మి లెర్నోస్ నేర్చుకుంటాను. ఏ క్రియకైనా ఇవే మూడు తోకలు. ఇంగ్లీషులో మనం రాత్రిళ్ళు మేలుకుని బట్టీ పట్టిన సక్రమ, అక్రమ క్రియల పట్టిక ఇక్కడ లేదు.

‘మల్’ అని ముందు చేరిస్తే అర్థం ఎదురు తిరుగుతుంది. బోనా మంచి, మల్బోనా చెడ్డ. సానా ఆరోగ్యంగా ఉన్న, మల్సానా జబ్బుగా ఉన్న. దానికి మనిషి అనే అర్థమిచ్చే ‘ఉల్’ చేరిస్తే మల్సనూలో, రోగి. దానికి చోటు అనే ‘ఏయ్’ చేరిస్తే మల్సనులేయో, ఆసుపత్రి. ఒక్క వేరు నుంచి ఇంత పెద్ద మాట!

ఇది చదివినప్పుడు మాకు కొండపల్లి బొమ్మ గుర్తొచ్చింది. మైలవరం నుంచి విజయవాడ పోయే దారిలోనే కదా కొండపల్లి. అక్కడి కళాకారులు మొత్తం బొమ్మను ఒకే కొయ్యలో చెక్కరు. తెల్ల పొణికి కర్రతో తల వేరుగా, చేతులు వేరుగా, మొండెం వేరుగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు. అతుకు కనపడకుండా రంగు వేస్తారు. ఎస్పరాంతో మాట కూడా అలాంటి బొమ్మే. కాకపోతే రంగు వేయలేదు కనుక అతుకులు స్పష్టంగా కనిపిస్తాయి.

మరి మన తెలుగు మాటో? అది రంగు వేసిన కొండపల్లి బొమ్మ. ‘చదివించలేకపోయాడు’ అనే మాట తీసుకోండి. ‘చదువు’ వేరు. ‘ఇంచు’ చేరితే ఇంకొకరి చేత చేయించడం. ‘లేక’ అంటే శక్తి చాలకపోవడం. ‘పోయా’ అంటే అది అలా జరిగిపోయిందనడం. ‘డు’ అంటే ఆ పని అతనిది అని. ఇంగ్లీషులో అరడజను మాటలు కావలసిన సంగతిని మన అమ్మ పొయ్యి ఊదుతూ ఒక్క మాటలో చెబుతుంది. “మీ నాన్న నిన్ను చదివించలేకపోయాడు.” మనలో చాలామంది ఈ హాస్టల్‌కు వచ్చింది ఆ ఒక్క మాట వల్లనే. ఆ తల్లి ఏ వ్యాకరణ పుస్తకమూ చదవలేదు. ఒక్క అతుకు కూడా తప్పు పెట్టలేదు.

‘ఏప చెట్టు’ కథ

ఇక అసలు సంగతికి వస్తాం. మాలో ఒకడు ఎనిమిదో తరగతిలో ఉండగా పాఠం పైకి చదువుతూ ‘వేప చెట్టు’ను ‘ఏప చెట్టు’ అన్నాడు. తరగతి అంతా నవ్వింది. పాఠం చెప్పేవారు కూడా నవ్వి, “ఏ పేట నుంచి వచ్చావురా?” అన్నారు. వాడు కూర్చున్నాడు. ఆ ఏడాదంతా మళ్ళీ చెయ్యి ఎత్తలేదు. జవాబు తెలిసినా ఎత్తలేదు. లెక్కల్లో మా అందరికంటే ముందుండేవాడు, ఆ ఏడాది నుంచి వెనకబడ్డాడు. చదువు రాక కాదు, నోరు విప్పడానికి భయపడి.

వాడు అన్నది నిజంగా తప్పేనా? చూద్దాం. మా ఊళ్ళలో వేపను ఏప అంటాం, వెన్నను ఎన్న అంటాం, వీధిని ఈధి అంటాం, వెళ్ళాడును ఎళ్ళాడు అంటాం, వేలును ఏలు అంటాం. కానీ వానను ఆన అనం, వాగును ఆగు అనం. ఎందుకని? ‘వ’కు ఇ, ఈ, ఎ, ఏ అచ్చులు తగిలినప్పుడే అది జారిపోతుంది. వాడు, వాళ్ళు అనే సర్వనామాలు ఆడు, ఆళ్ళు కావడం వేరే దారి. మిగతా చోట్ల ఇదే సూత్రం. దీన్ని మాకు ఎవరూ బోర్డు మీద రాసి చెప్పలేదు. అయినా మా నాయనమ్మ తప్పలేదు, మేమూ తప్పలేదు. ఇంత క్రమంగా నడిచేదాన్ని వ్యాకరణం అనకుండా ఇంకేమంటారు? జామెన్‌హాఫ్ కూర్చుని రాస్తే అది సూత్రం, మన నాయనమ్మ నోట నడిస్తే అది మొరటుతనమా?

ఈ చిన్నచూపు ఇప్పటిది కాదు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు రకాలు చేశారు. లక్షణానికి విరుద్ధమైనదే గ్రామ్యమన్నారు. ఆ పుస్తకం గొప్పదనాన్ని మేము కాదనడం లేదు. తెలుగు సమాసాలను, సంధులను అంత బిగువుగా చెప్పిన పుస్తకం ఇంకొకటి లేదు. కానీ గ్రామంలో మాట్లాడేదానికి లక్షణమే లేదన్న అభిప్రాయం మాత్రం బడుల్లో పాతుకుపోయింది.

దానికి జవాబు చెప్పిన పెద్దాయన గిడుగు రామమూర్తి పంతులు. వ్యావహారిక భాష కోసం పోరాడినవాడిగా ఆయన మనకు తెలుసు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కానీ ఆయన చేసిన ఇంకొక పని మన బడుల్లో ఎక్కువగా చెప్పరు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ కొండల మీది సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లల కోసం బడులు పెట్టారు, పుస్తకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో అచ్చయింది. ఆ దశకంలోనే నిఘంటువులూ వచ్చాయి. అడవి మాటకు వ్యాకరణం లేదని పట్నంలో పండితులు అనుకుంటున్న రోజుల్లో, ఆయన వెళ్ళి విని, రాసి చూపించారు. ఆయన ఆ వ్యాకరణాన్ని కల్పించలేదు, కొత్తగా కట్టలేదు. అది అప్పటికే అక్కడ ఉంది. 1936లో మంగెయ్ గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంతంగా ఒక లిపి కూడా తయారు చేశాడు.

సూత్రాల వెనక మనసు

కట్టిన భాషలు తప్పులేనివని మేము అనడం లేదు. ఎస్పరాంతోలో తండ్రి ‘పత్రో’. తల్లి? దానికే తోక తగిలించి ‘పత్రీనో’ అన్నారు. తల్లికి సొంత వేరు లేదు, తండ్రి నుంచే పుట్టించారు. మన తెలుగులో ‘అమ్మ వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అంటాం. నాన్న దగ్గరికి రాగానే ‘వచ్చాడు’ అని వేరే తోక. భాష ఎవరిదైనా, ఏ కాలం మనుషుల చూపు ఆ కాలం సూత్రాల్లో దాక్కుంటుంది.

కానీ ఎస్పరాంతోలో మాకు బాగా నచ్చినది ఒకటుంది. అక్కడ ఎదుటి మనిషి ఎవరైనా ‘వి’ అనే పిలుస్తారు. కలెక్టరుకూ అదే, కూలికీ అదే. మన తెలుగులో నువ్వు, మీరు, వాడు, అతను, ఆయన, వారు అని మెట్లున్నాయి. ఆ మెట్ల మీద మన తాతలను ఎక్కడ నిలబెట్టారో మనకు తెలుసు. నిన్నగాక మొన్న పుట్టిన పిల్లవాడు మా తాతను ‘ఏరా’ అని పిలిస్తే ఆయన ‘అయ్యా’ అని పలికేవాడు. అది తెలుగు వ్యాకరణంలో ఉన్న లోపం కాదు, దాన్ని వాడిన మనుషుల లోపం. తోకలు మనుషులే పెట్టారు కాబట్టి మనుషులే మార్చుకోవచ్చు. ‘గారు’ అనే మాట ఎవరి పేరు చివరైనా చక్కగా అతుకుతుంది. మన తాత పేరు చివర కూడా.

ఆ భాషలో లేనిది, మన దగ్గర ఉన్నది కూడా ఒకటుంది. అక్కడ ‘ని’ అన్న ఒక్క మాటే ఉంది, ఇంగ్లీషులో లాగే. మనకు ‘మేము’ ఉంది, ‘మనము’ ఉంది. వింటున్నవాణ్ణి బయట ఉంచితే మేము, కలుపుకుంటే మనము. ఇంత ముఖ్యమైన తేడాను మన వెనకటివాళ్ళు రెండు చిన్న మాటల్లో పెట్టి వెళ్ళారు.

మేము కోరేది

“పరీక్షల్లో ఏప అని రాస్తే మార్కులు వేస్తారా? ఇంటర్వ్యూలో ఇంటి భాష పనికొస్తుందా?” అని తమ్ముళ్ళు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పుస్తకాల తెలుగు నేర్చుకోవలసిందే. ఇంగ్లీషు ఇంకా గట్టిగా నేర్చుకోవలసిందే. ఆ రెండూ లేకపోతే తలుపులు తెరుచుకోవని అనుభవంతో చెబుతున్నాం. కానీ కొత్త భాషను రెండో చొక్కాలాగా తొడుక్కోండి. ఒంటి మీది చర్మం ఒలుచుకుని కాదు. “నా మాట తప్పు, అందుకే ఇది నేర్చుకుంటున్నాను” అనుకున్నవాడికి ఏ భాషా రాదు. “నా మాటకు ఒక సూత్రం ఉంది, దీనికి ఇంకొక సూత్రం ఉంది” అని పోల్చి చూసేవాడికి ఎన్ని భాషలైనా వస్తాయి. అందుకే మూడు పనులు చేయమని కోరుతున్నాం.

మొదటిది, పాఠ్యపుస్తకంలో పెద్ద మాట కనిపిస్తే బెదరవద్దు, బొమ్మను విప్పినట్టు విప్పండి. కిరణజన్య సంయోగక్రియ అంటే కిరణాల వల్ల పుట్టే, కలిపే పని. అంతే. ఇంగ్లీషు సైన్సు మాటలనూ ఇలాగే ముందు, వెనక తోకలు విడదీసి చదవండి. బట్టీ సగం తగ్గుతుంది.

రెండవది, ఆదివారం నలుగురు కూర్చుని ఆటగా ఒక భాష కట్టండి. 20 మాటలు, 5 సూత్రాలు చాలు. ‘క’ భాషలాగా ముసుగు కాదు, నిజంగా కొత్తది. బహువచనం ఎలా చేయాలి, నిన్నటి పనిని ఎలా చెప్పాలి, ఎవరు ఎవరిని కొట్టారో ఎలా తెలియాలి అని మీరే తేల్చుకోవాలి. కర్త, కర్మ, క్రియ అంటే ఏమిటో అప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. హాస్టల్‌లో ‘మా ఇంటి మాటలు’ అని ఒక పెద్ద నోటు పుస్తకం పెట్టండి. ఒక్కో మాట, అది ఏ ఊరిది, ఎవరు అంటారు, దానితో ఒక పూర్తి వాక్యం రాయండి. ఎ.కొండూరు వైపు తండాల నుంచి వచ్చిన సుగాలీ తమ్ముళ్ళు తమ మాటలను తెలుగు అక్షరాల్లో రాయాలి. వాళ్ళు అమ్మను ‘యాడి’ అని పిలుస్తుంటే మేము వెక్కిరించిన రోజులున్నాయి. ఆ తప్పును ఇక్కడ అచ్చులో ఒప్పుకుంటున్నాం. మమ్మల్ని చూసి తరగతిలో నవ్వినప్పుడు ఏడ్చినవాళ్ళమే, సాయంత్రం హాస్టల్‌కు వచ్చి ఇంకొకడిని చూసి నవ్వాం.

కిలికి భాషకు 2020లో వెబ్‌సైటు ప్రారంభించారు. అందుకు ఎంచుకున్న రోజు ఫిబ్రవరి 21, అంతర్జాతీయ మాతృభాషా దినం. ఏ తల్లీ జోలపాట పాడని భాషకు ఆ రోజు పండుగ జరిగింది. సంతోషమే. అదే ఫిబ్రవరి 21న మన హాస్టల్‌లో ఆ నోటు పుస్తకం మొదటి పేజీ తెరవాలని మా కోరిక. మొదటి మాటగా ‘ఏప చెట్టు’ రాయండి. రెండో మాటగా ‘యాడి’ రాయండి.

ఈ వ్యాసం మొదటి నుంచీ ‘మేము’, ‘మేము’ అంటూ రాశాం. ఆ పుస్తకం నిండిన రోజున వచ్చి, మీ పక్కన చాప మీద కూర్చుని చదువుతాం. అప్పుడు ‘మనము’ అంటాం.

— పూర్వ విద్యార్థులు, మైలవరం